హీరోయిన్ ఎలా చేసిందని అడిగితే ఏం చెప్పాలి

మా ఇంట్లో సంక్రాంతికి ఒక ఆనవాయితీ ఉంది. పండగ మూడు రోజుల్లో ఏదో ఒక రోజు పిల్లా పెద్దా కలిపి పది పన్నెండు మందిమి తెనాలిలో సినిమాకి పోతాం. హాల్లోంచి బయటికొచ్చి బండ్లు తీసేలోపే మా బాబాయ్ అందర్నీ ఆపి వరసగా అడుగుతాడు, హీరో ఎలా చేశాడు, ఫైట్లు ఎలా ఉన్నాయి, పాటలు ఎలా ఉన్నాయి అని. హీరో సంగతి ఎత్తితే ఒక్కొక్కళ్ళు పావుగంట చెప్తారు, నడక దగ్గర్నుంచి చొక్కా మడత దాకా. చిట్టచివర "మరి హీరోయిన్?" అంటాడు. అప్పుడు వచ్చే జవాబులు నాకు కంఠతా వచ్చు. "బానే ఉంది." "లావైంది." "పోయిన సినిమాలోనే బాగుంది." "ఎవరా పిల్ల, తెలుగమ్మాయేనా?" ఒక ఏడాది నా వంతు వస్తే నేను కూడా "బానే ఉంది బాబాయ్" అనేసి బండెక్కాను. ఇంటికొచ్చాక కాళ్ళు కడుక్కుంటూ ఆలోచిస్తే రెండున్నర గంటలు చూసిన ఆ అమ్మాయి పాత్ర పేరు కూడా గుర్తుకు రాలేదు. తప్పు నాదా, ఆ పాత్ర రాసినవాళ్ళదా అంటే చెరి సగం అనిపించింది.

అప్పట్నించి కొన్ని అలవాట్లు చేసుకున్నాను. నేనేం రివ్యూలు రాసేదాన్ని కాదు, ఉద్యోగం చేసుకుంటూ నెలకి రెండు సినిమాలు చూసే మనిషిని. మీరు కూడా అలాంటివాళ్ళే అయితే, సినిమా చూసొచ్చి హీరోయిన్ గురించి నాలుగు మాటలు సొంతంగా, తిట్లు తినకుండా, ఎవర్నీ తిట్టకుండా చెప్పాలనుకుంటే, ఇవి పనికొస్తాయి.

మొదటి సంగతి, ఏ షోకి వెళ్తున్నారో చూసుకోండి. మొదటి రోజు మొదటి ఆట సరదా వేరు, నేను కాదనను, పేపర్లు ఎగరేయడం, ఈలలు, హీరో ఎంట్రీకి స్క్రీన్ దగ్గర డాన్సులు, అదంతా ఒక తిరనాళ్ళ లాంటిది. కానీ ఆ షోలో నటన గురించి ఏమీ తెలీదు. డైలాగు సగం వినపడదు, హీరోయిన్ మాట్లాడేటప్పుడే జనం సమోసాలకి లేస్తారు. పైగా 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర ప్రీమియర్ షోకి జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది, ఆ తర్వాత నుంచి చంటిపిల్లల్ని వేసుకుని ప్రీమియర్లకి పోయేవాళ్ళు కనిపిస్తే నాకు కాళ్ళు వణుకుతాయి. సినిమా ఎలా ఉందో చెప్పాలనుకుంటే సోమవారం సెకండ్ షోకి వెళ్ళండి. హాలు ఖాళీగా ఉంటుంది, ఏసీ ఒక్కోసారి ఆపేస్తారు, అది వేరే గొడవ. కానీ తెర మీద ఎవరేం చేస్తున్నారో స్పష్టంగా కనిపిస్తుంది.

వెళ్ళే ముందు టాక్ చదవకండి అని చెప్పను, ఎవరూ వినరు, నేనూ వినను. చదివితే మాత్రం ఆ మాటలు మీ నోట్లోంచి రాకుండా చూసుకోండి. ఫస్టాఫ్ యావరేజ్, సెకండాఫ్ లాగ్, ఇంటర్వెల్ బ్యాంగ్ అదిరింది, హీరోయిన్‌కి స్కోప్ లేదు. ఈ నాలుగు ముక్కలు సినిమా చూడకుండానే ఏ సినిమాకైనా అంటించొచ్చు. ఒకసారి మా తమ్ముడు సినిమా చూడకుండా ఇవే ముక్కలు చెప్పి బాబాయ్ దగ్గర గంటసేపు నెగ్గుకొచ్చాడు.

ఇప్పుడు అసలు పని. స్కోప్ లేదు అన్న మాటనే పట్టుకుందాం, ఎందుకంటే హీరోయిన్ల గురించి అందరూ అనే మాట అదే. స్కోప్ లేదంటే ఏమిటో నేను ఇలా చూస్తాను. ఆ పాత్రకి పేరుందా, ఇంటి పేరుందా? ఏదో ఉద్యోగం అని చెప్పారు సరే, ఆ ఉద్యోగం చేస్తూ ఒక్క సీన్‌లో అయినా కనిపించిందా? డాక్టర్ అన్నారు, మెడలో స్టెతస్కోప్ వేశారు, ఒక్క పేషెంటు అయినా వచ్చాడా? హీరో గురించి కాకుండా ఇంకో మనిషితో ఇంకో విషయం మాట్లాడిందా? చివరగా, ఆ అమ్మాయిని సినిమాలోంచి తీసేస్తే కథ ఆగిపోతుందా, లేక మూడు పాటలు తగ్గి సినిమా తొందరగా అయిపోతుందా? అరుంధతిలో అనుష్కని తీసేయండి, సినిమానే ఉండదు. ఫిదాలో సాయి పల్లవి వేసిన భానుమతిని తీసేస్తే బాన్సువాడలో మిగిలేది పొలాలు. తీసేసినా తేడా రాని పాత్ర అయితే అక్కడ నటి ఎలా చేసిందని అడగడమే దండగ, ఆమెకి ఇచ్చిన కాగితం మీద ఏమీ లేదు. అప్పుడు "హీరోయిన్ బాలేదు" అనకండి, "హీరోయిన్‌కి ఏమీ రాయలేదు" అనండి. ఈ రెండిటికీ మధ్య ఒక మనిషి కెరీర్ ఉంది.

మరీ పట్టుదలగా ఉంటే సీన్లు లెక్కపెట్టండి. నేను వేళ్ళ మీద లెక్కపెడతాను, పాటలు కాకుండా. ఒక పెద్ద సినిమాకి వెళ్తే ఇంటర్వెల్‌కి నా ఒక చేతి వేళ్ళు కూడా అయిపోలేదు.

తర్వాత గొంతు. దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నేను ఇక్కడే ఏళ్ళ తరబడి మోసపోయాను. ఒక హీరోయిన్ ఏడుపు సీన్ అంటే నాకు ప్రాణం, టీవీలో వచ్చినప్పుడల్లా పని ఆపి చూసేదాన్ని, ఆ గొంతు జీర పోవడం, మాట మధ్యలో ఆగిపోవడం, అబ్బ, ఎంత బాగా చేసిందో అని పదిమందికీ చెప్పాను. ఒక రోజు ఏదో టీవీ ప్రోగ్రాంలో ఒకావిడ కుర్చీలో కూర్చుని, ముఖంలో ఏ కష్టమూ లేకుండా, అదే డైలాగు అదే జీరతో చెప్పేసింది. ఆవిడ డబ్బింగ్ ఆర్టిస్టు. నేను ఇన్నేళ్ళూ మెచ్చుకున్న దాంట్లో సగం ఆవిడది, ఆవిడ పేరు నాకు అప్పటిదాకా తెలీదు.

పాత రోజుల్లో ఈ ఇబ్బంది తక్కువ. సావిత్రి, భానుమతి, జమున వాళ్ళ మాట వాళ్ళే చెప్పుకునేవాళ్ళు, భానుమతి అయితే పాటలు కూడా తనే పాడుకునేది. తర్వాత తర్వాత తెలుగు రాని హీరోయిన్లు వరసగా వచ్చేసరికి గొంతు ఒకరిది, ముఖం ఒకరిది అయింది. 2010లో ఏ మాయ చేసావేలో సమంత గొంతు అనుకుని కుర్రాళ్ళు పడిపోయింది నిజానికి చిన్మయి గొంతుకి. సింగర్ సునీత ఎంతమంది హీరోయిన్లకి మాట ఇచ్చిందో లెక్క చెప్పడం కష్టం. ఇంకోపక్క నిత్యా మీనన్ 2011లో అలా మొదలైందిలో తన మాట తనే చెప్పుకుంది, పాట కూడా పాడింది. సాయి పల్లవి ఫిదాలో తెలంగాణ యాస నేర్చుకుని సొంతంగా డబ్బింగ్ చెప్పింది. సమంత కూడా మహానటిలో సొంత గొంతుతోనే మాట్లాడింది. ఒకసారి ఏ మాయ చేసావే, మహానటి పక్కపక్కన పెట్టి చూడండి, మనిషి అదే, గొంతు మారితే పాత్ర బరువు ఎలా మారుతుందో తెలుస్తుంది.

మరి సొంత గొంతా కాదా అని ఎలా కనిపెట్టాలి? టైటిల్స్‌లో డబ్బింగ్ ఆర్టిస్టుల పేర్లు వేస్తారు, చాలాసార్లు చివర్లో, జనం లేచి గేటు వైపు పోతున్నప్పుడు, చీమల్లాంటి అక్షరాలతో. ఒక్క నిమిషం కూర్చుంటే కనిపిస్తాయి. టైటిల్స్ దొరక్కపోతే క్లోజప్‌లో నవ్వు చూడండి. మాటకి పెదాలు కలపడం తేలిక, నవ్వుకి కష్టం, నవ్వులో పొట్ట, భుజాలు, ఊపిరి అన్నీ కదులుతాయి. భుజాలు ఒక లయలో, నవ్వు ఇంకో లయలో ఉంటే అది అతికించిన గొంతు. పరిగెత్తి వచ్చి మాట్లాడే సీన్లు కూడా పట్టించేస్తాయి, ఛాతీ ఎగిరిపడుతుంటుంది, మాట మాత్రం ఏసీ గదిలో కూర్చున్నంత నిదానంగా వస్తుంది.

కనిపెట్టాక ఏం చేయాలంటే, అభిప్రాయాన్ని రెండు ముక్కలు చేయండి. "కళ్ళతో బాగా చేసింది, గొంతు కూడా బాగా కుదిరింది, అది ఫలానా ఆవిడది" అని. లేదా "అమ్మాయి బాగానే చేసింది కానీ గొంతు చిన్నపిల్లది పెట్టారు, లాయర్ పాత్రకి అది నప్పలేదు" అని. రెండోది చాలా సినిమాలకి పనికొస్తుంది, ముప్ఫై ఏళ్ళ మనిషికి పదమూడేళ్ళ గొంతు పెట్టి బుంగమూతి భాష మాట్లాడించే రోగం మనవాళ్ళకి ఎప్పట్నించో ఉంది. ఆ తప్పు ఆ అమ్మాయి ఖాతాలో వేయకండి, ఆమె ఆ రోజు డబ్బింగ్ థియేటర్‌లో కూడా లేదు.

తెలుగు రానివాళ్ళని ఎందుకు పెడతారు అనే గొడవ మా ఇంట్లో ప్రతి పండక్కీ ఉంటుంది. మాది గుంటూరు జిల్లా కదా, గొప్పలు చెప్పుకోవడానికి మాకు చాలా ఉంది. సావిత్రిది చిర్రావూరు, శారద తెనాలి అమ్మాయి, జమున పెరిగింది దుగ్గిరాలలో. అంతమంది ఇక్కడినుంచే వెళ్తే ఇప్పుడు ఏమైంది అని పిన్ని బాధ. నాకూ ఉంది ఆ బాధ. కానీ అది తీసుకున్నవాళ్ళని అడగాల్సిన ప్రశ్న, వచ్చి పని చేసుకుంటున్న అమ్మాయిని తిట్టాల్సిన విషయం కాదు. అన్నట్టు కీర్తి సురేష్ తెలుగమ్మాయి కాదు, సొంత గొంతుతో సావిత్రిని చేసి జాతీయ అవార్డు పట్టుకెళ్ళింది.

అవార్డుల మాట వచ్చింది కాబట్టి, ఎవరైనా "తెలుగులో హీరోయిన్లకి నటన ఎక్కడ" అంటే ఈ లెక్క చెప్పండి. తెలుగు సినిమాకి జాతీయ ఉత్తమ నటి అవార్డు నిమజ్జనంతో శారదకి వచ్చింది, దాసితో అర్చనకి వచ్చింది, కర్తవ్యంతో విజయశాంతికి వచ్చింది, మహానటితో కీర్తి సురేష్‌కి వచ్చింది. జాతీయ ఉత్తమ నటుడు అవార్డు తెలుగు హీరోకి మొదటిసారి వచ్చింది 2023లో ప్రకటించినప్పుడు, పుష్పకి అల్లు అర్జున్‌కి. అంటే ఈ విషయంలో ఆడవాళ్ళు కొన్ని దశాబ్దాలు ముందున్నారు. ఇది చెప్పాక మా బాబాయ్ ఒక పూట మాట్లాడలేదు.

ఇక కాళ్ళ గోల. సినిమా పోతే హీరోయిన్‌ది ఐరన్ లెగ్, ఆడితే గోల్డెన్ లెగ్. శ్రుతి హాసన్‌కి 2011లో రెండు తెలుగు సినిమాలు ఆడకపోతే ఐరన్ లెగ్ అన్నారు, 2012లో గబ్బర్ సింగ్ రాగానే అవే కాళ్ళు బంగారం అయిపోయాయి. కథ రాసింది ఒకరు, తీసింది ఒకరు, డబ్బు పెట్టింది ఒకరు, వంద సీన్లలో తొంభైలో ఉన్నది హీరో, పోయింది మాత్రం పది సీన్లు చేసిన అమ్మాయి కాలి వల్ల. ఈ మాట వాడటం మానేయండి అని చెప్పడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు, లెక్కే కుదరదు.

లెక్క అంటే గుర్తొచ్చింది, కలెక్షన్ పోస్టర్ చూసి హిట్టా ఫ్లాపా అని వాదించేవాళ్ళు ముందు గ్రాస్‌కీ షేర్‌కీ తేడా తెలుసుకోండి. 177 రూపాయల టికెట్ అనుకుంటే ఆ మొత్తం గ్రాస్, అందులో 27 రూపాయలు జీఎస్టీ కింద పోతుంది. మిగిలిన 150లో థియేటర్‌కి అద్దె రూపంలోనో పర్సెంటేజీ రూపంలోనో ఇవ్వాలి, అది పోగా మిగిలింది డిస్ట్రిబ్యూటర్ షేర్. పోస్టర్ మీద వేసేది దాదాపు ఎప్పుడూ గ్రాసే, చూడ్డానికి పెద్దగా ఉంటుంది కాబట్టి. ఒక ఏరియా హక్కులు ఎంతకి కొన్నారో అంత షేర్ వస్తేనే బ్రేక్ ఈవెన్. అందుకే పోస్టర్ మీద వంద కోట్లు మెరుస్తుండగా కొన్నవాడు ఇంట్లో తల పట్టుకుని కూర్చోవచ్చు, చిన్న సినిమా ఏ పోస్టరూ లేకుండా లాభాల్లో ఉండొచ్చు. ఆ ఏరియాల పేర్లు కూడా తమాషాగా ఉంటాయి, తెలంగాణని ఇప్పటికీ నైజాం అంటారు, రాయలసీమని సీడెడ్ అంటారు. 1800లో నిజాం బ్రిటిష్ వాళ్ళకి ఇచ్చేసిన దత్తమండలాలు అవి, ఆ పేరు బాగోలేదని 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని పెట్టుకున్నారు, సినిమా వాళ్ళకి ఆ కబురు ఇంకా అందినట్టు లేదు. ఏదేమైనా ఈ అంకెలు నటన గురించి ఏమీ చెప్పవు. నటన గురించి మాట్లాడేటప్పుడు కలెక్షన్ తీసిన మనిషి దగ్గర చెప్పడానికి ఇంకేం లేదని అర్థం చేసుకుని టీ తాగడానికి వెళ్ళిపోండి.

అందం గురించి మాట్లాడొచ్చా? మాట్లాడొచ్చు. సినిమా కళ్ళతో చూసేది, "ఆ పాటలో ఎంత బాగుందో" అనుకోని వాళ్ళు ఎవరుంటారు. నేను జగదేకవీరుడు అతిలోకసుందరి చూసినప్పుడల్లా శ్రీదేవిని చూస్తూ కథ వదిలేస్తాను. కాకపోతే ఏది బాగుందో చెప్పండి, లైటింగా, చీరా, మేకప్పా, ఆ మనిషి నిలబడిన తీరా. ఇక "లావైంది", "ముసలిదైపోయింది" అనే మాట నోటి చివరకి వచ్చినప్పుడు నేను చేసే పని ఒకటుంది. పక్కనున్న హీరో వయసు కనుక్కుంటాను. 1972లో బడిపంతులులో ఎన్టీఆర్‌కి మనవరాలిగా చేసిన చిన్నపిల్ల శ్రీదేవి. 1979లో వేటగాడుకి వచ్చేసరికి అదే ఎన్టీఆర్ పక్కన హీరోయిన్. అప్పటికి ఆవిడకి 16 నిండలేదు, ఆయనకి 56. తాతయ్య అలాగే ఉన్నాడు, మనవరాలు హీరోయిన్ అయిపోయింది. ఆ పాటలు నాకూ ఇష్టమే, ఇప్పటికీ పెళ్ళిళ్ళలో పెడితే కాళ్ళు కదులుతాయి, కానీ ఆ లెక్క తెలిశాక ముప్ఫై అయిదేళ్ళ హీరోయిన్‌ని ముసలిది అనడానికి నాకు నోరు రాదు. పెళ్ళయింది కాబట్టి ఇక అక్క పాత్రలు వేసుకోవాలి అనే సలహాలు కూడా అంతే, పెళ్ళయి పిల్లలున్న హీరోకి ఆ సలహా ఎవరూ ఇవ్వరు.

పుకార్ల సంగతి చూద్దాం. ఎవరు ఎవరితో తిరుగుతున్నారు, ఎవరి విడాకులు ఎందుకు, ఇవి వినడం నాకు ఇష్టం లేదని అబద్ధం చెప్పను. పిన్నీ నేనూ వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూ మాట్లాడుకునేవి అవే. ఒలిచేటప్పుడు మాట్లాడుకోవడం వేరు, గ్రూపులో పంపడం వేరు, చిక్కుడుకాయల మాట చిక్కుడుకాయలతో పోతుంది, ఫోన్లో పెట్టింది మాత్రం ఆ మనిషి తల్లి దాకా వెళ్తుంది. నాకు నేను పెట్టుకున్న పద్ధతి ఏమిటంటే, థంబ్‌నెయిల్‌లో "షాకింగ్", "మతిపోతుంది", "ఎట్టకేలకు" అనే మూడు మాటల్లో ఏది ఉన్నా నొక్కను. నిజంగా పెళ్ళో, పుట్టుకో, చావో అయితే తెల్లారేసరికి పేపర్లో వస్తుంది, లేదా ఆ మనిషి తన ఖాతాలో తనే చెప్తుంది. ఒక్క రాత్రి ఆగితే సగం పుకార్లు వాటంతటవే చచ్చిపోతాయి. బతికున్న నటుల్ని చంపేసిన వార్తలు మా ఫ్యామిలీ గ్రూపులో ఎన్నిసార్లు వచ్చాయో, "ఓం శాంతి" పెట్టినవాళ్ళు మళ్ళీ తీసేయరు కూడా.

వీడియోలైతే ఇంకా జాగ్రత్త. 2023 నవంబరులో రష్మిక లిఫ్టులోకి వస్తున్నట్టు ఒక వీడియో తిరిగింది గుర్తుందా, అది ఆమె కాదు, ఇంకో అమ్మాయి వీడియోకి రష్మిక ముఖం అతికించారు. చూసిన వాళ్ళలో చాలామంది మొదట నమ్మారు. అప్పటికన్నా ఇప్పుడు అతికించడం ఇంకా బాగా వచ్చేసింది, కాబట్టి కళ్ళు ఆర్పుతోందా, చెవి అంచు కరిగినట్టుందా అని పరీక్షలు పెట్టి లాభం తక్కువ. నేను అడిగే ప్రశ్న వేరే, ఈ వీడియో ఎవరు తీశారు, ఎక్కడ తీశారు, ఎవరు మొదట పెట్టారు? మూడిటికీ జవాబు లేకపోతే ఫార్వర్డ్ లేదు. నిజమో అబద్ధమో తేలాల్సిన పని కూడా లేదు, ఒక ఆడమనిషి పరువు తీసే వీడియో నిజమైనా నేను పంపాల్సిన అవసరం ఏముంది. ఎవరైనా పంపితే గ్రూపులో తిట్టకండి, విడిగా ఫోన్ చేసి "బాబాయ్, అది అబద్ధం వీడియో, తీసెయ్" అంటే తీసేస్తారు. అందరి ముందు చెప్తే మాత్రం పెద్దవాళ్ళు పంతానికి పోయి ఇంకో రెండు పంపుతారు, నాకు అనుభవం.

ఫ్యాన్స్‌తో వాదన గురించి ఎక్కువ చెప్పను, ఒకటే మాట, రాత్రి పదకొండు తర్వాత వద్దు. 2023లో బాపట్ల జిల్లా ఆలపాడులో ఒకాయన సమంతకి తన ఇంటి దగ్గరే గుడి కట్టాడు, అలాంటి ప్రేమ ఉన్నచోట మీ స్క్రీన్‌ప్లే విశ్లేషణ పనిచేయదు. మా కజిన్‌తో ఒకసారి ఇద్దరు హీరోయిన్లలో ఎవరు గొప్ప అని మొదలుపెట్టి, అర్ధరాత్రికి వాళ్ళ నాన్న మా నాన్నకి ఇవ్వాల్సిన అప్పు దాకా వెళ్ళాం. ఎవరు గొప్ప అనే ప్రశ్న తీసుకోకండి, "ఈ సీన్ ఎవరు చేస్తే బాగుంటుంది" అనేది తీసుకోండి, అది సరదాగానే ఉంటుంది, అప్పులు బయటికి రావు.

ఇవన్నీ సాధన చేయడానికి కొత్త సినిమాలు పనికిరావు, కొట్టుకుంటారు. పాతవి పట్టుకోండి, అక్కడ ఫ్యాన్స్ అందరికీ షుగరూ బీపీ, గొడవకి రారు. నేను అందరికీ ఇచ్చే హోంవర్క్ మాయాబజార్‌లో అహ నా పెళ్ళియంట. సినిమా 1957లో వచ్చింది, రంగులు వేసి 2010లో మళ్ళీ విడుదల చేశారు, మీకు ఏది నచ్చితే అది చూడండి, నాకు నలుపు తెలుపే ఇష్టం. ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో ఉన్నాడు, అంటే సావిత్రి ఒక ఆడపిల్లలా కనిపించాలి, ఆ ఆడపిల్ల లోపల ఎస్వీ రంగారావు ఉన్నట్టు కూడా మనకి అనిపించాలి. పాటలో గొంతు సుశీలది, మధ్యలో ఘంటసాలది. సరే, ఇప్పుడు ఫోన్లో సౌండ్ పూర్తిగా తీసేసి చూడండి. మాట లేదు, పాట లేదు, సంగీతం లేదు, మిగిలింది సావిత్రి ఒక్కతే. ఎక్కడ సిగ్గుపడే పెళ్ళికూతురు, ఎక్కడ తొడగొట్టే రాక్షసుడు అన్నది భుజాల్లో, నడుములో, కనుబొమ్మల్లో తెలిసిపోతుంది. సౌండ్ లేకుండా ఏ సెకనులో మనిషి మారిందో చెప్పగలిగితే మీకు నటన గురించి మాట్లాడటం వచ్చినట్టే. తర్వాత మిస్సమ్మ చూడండి. మేరీ పాత్రకి ముందు అనుకున్నది భానుమతిని, ఆవిడ తప్పుకున్నాక సావిత్రికి వచ్చింది, సావిత్రి వేయాల్సిన రెండో పాత్ర జమునకి వెళ్ళింది. చూస్తూ భానుమతి అయితే ఈ డైలాగు ఎలా అనేదో ఊహించుకోండి, ఆ పొగరు వేరు, ఈ కోపం వేరు. ఇలా పోల్చడంలో ఎవర్నీ తక్కువ చేయనక్కర్లేదు.

రాసేటప్పుడు నేను ఒక సీన్‌తో మొదలుపెడతాను. "హీరోయిన్ వేస్ట్" అని రాసేబదులు "తండ్రి చనిపోయిన కబురు ఫోన్లో వినే సీన్‌లో కబురు వినకముందే ముఖంలో ఏడుపు వచ్చేసింది, అక్కడ నాకు అతకలేదు" అని రాయండి. ఇది తిట్టే, కాని ఆ అమ్మాయి చదివినా ఏమైనా పనికొచ్చే తిట్టు. మెచ్చుకోవడానికీ అదే పద్ధతి. "ఇరగదీసింది" అంటే ఏం తెలుస్తుంది, ఎక్కడ ఇరిగిందో చెప్పాలి కదా. పాత్ర పేరు రాయండి, గుర్తులేకపోతే గుర్తులేదనే రాయండి, అది కూడా అభిప్రాయమే.

మొన్న సంక్రాంతికి షరా మామూలే, తెనాలి, పన్నెండు మందిమి. సినిమా అయిపోయింది, లైట్లు వేశారు, అందరూ లేచారు. పిన్ని లేవలేదు. టైటిల్స్ చివరిదాకా చదువుతూ కూర్చుంది, ఊడ్చేవాడు వచ్చి పక్కన నిలబడ్డాడు. బయటికొచ్చాక బాబాయ్ తన ప్రశ్నలన్నీ అడిగి చివర్లో "హీరోయిన్?" అన్నాడు. మా తమ్ముడు "బానే ఉంది" అన్నాడు.

"గొంతు ఆ పిల్లది కాదు" అంది పిన్ని, కళ్ళజోడు తుడుచుకుంటూ. "పేరు కూడా చూశాను, ఉండు చెప్తాను."